"కిటికీలు తెరిచి మరీ" అనొచ్చా? దానియేలు 6:10 గురించి ఒక సందేహం

మంగళగిరి కుర్రాడు:
అందరికీ నమస్తే. మా చర్చిలో పిల్లల చేత దానియేలు నాటిక వేయిస్తున్నాం, వ్యాఖ్యానం రాసే పని నా నెత్తిన పడింది. ముప్పై రోజుల పాటు రాజును తప్ప ఏ దేవుణ్ణీ ఏ మనిషినీ ఏమీ అడగకూడదు, అడిగితే సింహాల పాలే అని శాసనం వస్తుంది కదా, ఆ తర్వాత దానియేలు ఏం చేశాడో చెప్పే చోట నేను "ఏమాత్రం జంకకుండా ఇంటికి వెళ్లి, కిటికీలు తెరిచి మరీ ప్రార్థన చేశాడు" అని రాశాను. మా పెద్దమ్మ చదివి "తెరిచి మరీ ఏంట్రా, వాక్యంలో అలా ఎక్కడుంది?" అంది. ప్రసంగాల్లో ఇలాగే విన్న గుర్తు నాకు. అసలు వాక్యం ఇదీ: "ఇట్టి శాసనము సంతకము చేయబడెనని దానియేలు తెలిసికొనినను అతడు తన యింటికి వెళ్లి, యథాప్రకారముగా అనుదినము ముమ్మారు మోకాళ్లూని, తన యింటి పైగది కిటికీలు యెరూషలేము తట్టునకు తెరువబడియుండగా తన దేవునికి ప్రార్థనచేయుచు ఆయనను స్తుతించుచువచ్చెను." దీనికి నా మాట సరిపోతుందా, లేదా? పెద్దలు చెప్పాలి.

తెనాలి టీచర్:
మీ పెద్దమ్మగారిది మంచి చెవి బాబూ. ఆవిడ పట్టుకున్నది "మరీ" దగ్గర.

మనం "మరీ" ఎక్కడ వాడతామో చూడు. అప్పు చేసి మరీ పెళ్లి చేశాడు, సెలవు పెట్టి మరీ వచ్చింది, పిలిచి మరీ తిట్టాడు. అంటే మామూలుగా చేయని పని, అక్కర్లేకపోయినా ఈ సందర్భం కోసమే పనిగట్టుకుని చేశాడని అర్థం. "కిటికీలు తెరిచి మరీ" అనగానే మూసున్న కిటికీలు కనిపిస్తాయి, శాసనం కబురు విన్న మనిషి విసురుగా మెట్లెక్కి పైగదికి పోయి రెక్కలు బార్లా తీసి "చూసుకోండి రా" అన్నట్టు మోకాళ్లూనడం కనిపిస్తుంది. సినిమాకి బ్రహ్మాండంగా ఉంటుంది. వాక్యంలో మాత్రం అది లేదు.

"తెరువబడియుండగా" అని ఉంది. ఇలాంటి "బడు" ప్రయోగాలను మనం గ్రాంథికం అనీ, కృతకం అనీ వెక్కిరిస్తుంటాం, నేనూ పిల్లల వ్యాసాల్లో ఎర్ర సిరాతో కొట్టేస్తాను, కానీ ఈ ఒక్కచోట దానికి చెయ్యెత్తి దండం పెట్టాలి. ఎవరు తెరిచారో చెప్పదు, ఎప్పుడు తెరిచారో చెప్పదు. తెరిచి ఉన్నాయి, అంతే. ఆ అధ్యాయం హీబ్రూలో లేదు, అరామిక్‌లో ఉంది (ఆ గ్రంథంలో 2:4 మధ్య నుంచి ఏడో అధ్యాయం చివరిదాకా అరామిక్, దానికి ముందూ వెనకా హీబ్రూ). అక్కడి మాట "పెతీహాన్", అంటే తెరిచి ఉన్నవి అని స్థితిని చెప్పే రూపం. తెరవడం అనే పనిని దానియేలుకి కర్తగా అంటగట్టలేదు. మన పాత అనువాదకులు ఆ స్థితిని అలాగే ఉంచారు.

ఇంకో రెండు చోట్ల కూడా వాక్యం ఇదే మాట చెబుతోంది. ఒకటి "యథాప్రకారముగా". అరామిక్‌లో ఇది వాక్యం చివర వస్తుంది, "మిన్ కద్మత్ దెనా", అంటే "దీనికి ముందునుంచీ" ఎలా చేస్తుండేవాడో అలాగే అని. తెలుగులో దాన్ని ముందుకు తెచ్చి ఒక్క సంస్కృత మాటలో ఇమిడ్చారు. "యథాపూర్వం" అన్నా సరిపోయేదే. మనకి ఇప్పుడు ఈ యథాప్రకారం వ్యంగ్యానికి ఎక్కువగా పనికొస్తోంది, "మంత్రిగారు యథాప్రకారం రెండు గంటలు లేటు" అని. అందుకేనేమో ఆ వాక్యంలో కూడా మనకి అది పెద్దగా ఆనదు, చదువుతూ దాటేస్తాం. రెండోది చివరి క్రియ, "స్తుతించుచువచ్చెను". స్తుతించెను అనలేదు. "చేస్తూ వచ్చాడు" అంటే వెనక ఎక్కడో మొదలై ఇక్కడిదాకా తెగకుండా వచ్చిన పని అని ఏ తెలుగువాడికైనా తెలుస్తుంది.

మూడూ కలిపి చూడు. శాసనం వచ్చిందని కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు. శాసనం వచ్చిందని ఉన్నదేదీ మానలేదు. కిటికీలు మూసుకుని చేసుంటే రాజుకి భయపడి చేసినట్టు, తెరిచి మరీ చేసుంటే రాజుకి చూపించడానికి చేసినట్టు. రెండిట్లోనూ అతని ప్రార్థన రాజు చుట్టూ తిరిగేది. నా దృష్టిలో ఆ వాక్యంలో ఉన్న ధైర్యమంతా "యథాప్రకారముగా" దగ్గరే ఉంది.

మంగళగిరి కుర్రాడు:
టీచర్ గారూ, వ్యాకరణం బాగుంది కానీ "ఎప్పట్లాగే ప్రార్థన చేసుకున్నాడు" అంటే పిల్లలకి చప్పగా ఉండదూ? ఆయన తెలిసే చేశాడుగా. "తెలిసికొనినను" అని ఉందిగా. తెలిసి చేసినప్పుడు అది ధిక్కారమే అవుతుంది.

తెనాలి టీచర్:
తెలిసే చేశాడు, కాదనను. ఆ "ను" చాలా బరువైనది, "తెలిసికొనినను" అంటే తెలిసినా సరే అని. ధిక్కారం అని రాజు అనొచ్చు, ఫిర్యాదు చేసినవాళ్లు అన్నారు కూడా, ఈ దానియేలు నిన్నూ నీ శాసనాన్నీ లెక్కచేయడం లేదు అని. గుహలోంచి దానియేలు చెప్పుకున్న జవాబు మాత్రం వేరే. రాజా, నీ పట్ల కూడా నేను ఏ తప్పూ చేయలేదు అన్నాడు. తిరగబడ్డవాడి మాటలా ఉందా అది?

చప్పగా ఉంటుందన్నావు కాబట్టి ఆ మనిషి వయసు లెక్కేయి. బబులోను రాజు నెబుకద్నెజరు చేతికి చిక్కి బబులోనుకి వచ్చింది క్రీ.పూ. 605 ప్రాంతంలో, కుర్రాడిగా. బబులోను పారసీకుల వశమైంది క్రీ.పూ. 539లో. ఆరో అధ్యాయం ఆ తర్వాతి కథ. అంటే పరాయి ఊరికొచ్చి అరవై ఏళ్లు దాటింది, మనిషికి ఎనభై నిండినట్టే. రోజుకి మూడుసార్లు ఆ మోకాళ్లు నేలకి ఆనించడమే ఒక పని. పిల్లలు బొమ్మల్లో చూసే నల్లజుట్టు యువకుడు కాడు. మీ నాటికలో ఆ వేషం వేసే అబ్బాయికి గడ్డం బాగా తెల్లగా పెట్టండి, చప్పదనం దానంతటదే పోతుంది.

ఇంకొకటి. యెరూషలేము తట్టు అన్నాడు సరే, అక్కడేముంది? క్రీ.పూ. 586లో బబులోనువాళ్లు ఆలయం కాల్చేశారు, ప్రాకారాలు పడగొట్టారు. అతను తిరిగి చూస్తున్న దిక్కున ఉన్నది యాభై ఏళ్లుగా పాడుబడ్డ చోటు. మరి అటువైపే ఎందుకంటే దానికి పాత ఆధారం ఉంది. సొలొమోను ఆలయ ప్రతిష్ఠ రోజున చేసిన ప్రార్థనలో, మొదటి రాజులు ఎనిమిదో అధ్యాయంలో, వీళ్లు ఎప్పుడైనా చెరపట్టబడి శత్రువుల దేశంలో ఉండి, ఈ దేశం తట్టు, ఈ పట్టణం తట్టు, ఈ మందిరం తట్టు తిరిగి ప్రార్థిస్తే ఆలకించు అని ఒక మాట ఉంటుంది. దానియేలు ఆ మాటని పట్టుకుని ఉన్నాడు. మందిరం కూలితే దిక్కు కూలిపోదుగా.

పాత లిపి:
ఈ చర్చలో కుర్రాడి పక్షాన కూడా ఒక సాక్షిని ప్రవేశపెట్టాలి, లేకపోతే అన్యాయం. దానియేలు గ్రంథానికి గ్రీకులో రెండు ప్రాచీన అనువాదాలున్నాయి. వాటిలో పాతదానిలో ఈ చోట "కిటికీలు తెరిచాడు" అనే ఉంది, సూటిగా, కర్తతో సహా. థియొదోషన్ పేరుతో ప్రసిద్ధమైన రెండోదానిలో "తెరిచి ఉన్నాయి" అని అరామిక్‌ని అనుసరించారు. సంఘాలు తర్వాత ఆ రెండోదాన్నే వాడుకలోకి తెచ్చుకున్నాయి. కాబట్టి "తెరిచి మరీ" అనే ఊపు మన ప్రసంగీకులు కనిపెట్టింది కాదు, రెండువేల ఏళ్ల నాటి అనువాదకుడికి కూడా అదే ఊపు వచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, కొందరికి నచ్చకపోవచ్చు. ఈ గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.పూ. 160లలో, నాలుగో అంతియొకస్ అనే గ్రీకు రాజు యూదుల ఆచారాలను నిషేధించిన కాలంలో అని పండితుల్లో చాలామంది అంటారు. ఈ కథలోని రాజు, మాదీయుడైన దర్యావేషు, బయటి శాసనాల్లో దొరకకపోవడం వాళ్లు చూపే కారణాల్లో ఒకటి. సంప్రదాయంగా నమ్మేవాళ్లకి వాళ్ల సమాధానాలు ఉన్నాయి, ఆ గొడవలోకి నేను పోను, ఇది భాష గుంపు. కానీ నిషేధం కింద బతికే జనం ఈ వాక్యం విన్నారనుకోండి, వాళ్ల చెవికి యథాప్రకారం అనే మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి.

తెనాలి టీచర్:
గ్రీకు సంగతి చెప్పి మంచి పని చేశారు. కానీ సాక్షి ఉన్నంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. అరామిక్ మూలంలో లేనిది అనువాదకుడు కలిపాడంటే, చదివినవాడి మనసు అటు లాగుతుందని తెలుస్తుంది, అంతవరకే. వీరుణ్ణి చూస్తే ఇంకొంచెం వీరుణ్ణి చేయాలనిపిస్తుంది మనకి.

యూదుల ధర్మ చర్చల గ్రంథం తల్మూదులో ఈ వాక్యాన్ని వాడుకున్న తీరు నాకు ఇష్టం. కిటికీలు లేని ఇంట్లో ప్రార్థన చేయకూడదు అని బెరాఖోత్ భాగంలో ఒక మాట ఉంది, దానికి ఆధారంగా చూపింది ఈ దానియేలు కిటికీలనే. ధైర్యం, ధిక్కారం ఊసే లేదు అక్కడ. ఇల్లు కట్టుకునేవాడికి చెప్పే మాటలా చెప్పి ఊరుకున్నారు.

కువైట్‌లో తెలుగువాడు:
నమస్కారం అండీ. నాది భాష మీద సందేహమే. ఇక్కడ మాకు శుక్రవారం ఆరాధన, మొన్న దానియేలు మీదే వాక్యం చెప్పారు. "చెర" అన్న ప్రతిసారీ నా పక్కన కూర్చున్న అబ్బాయి జైలే అనుకుంటున్నాడు. జైల్లో ఉన్నోడికి పైగది ఎక్కడిది అన్నా, అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. చెర అంటే జైలు కాదా?

తెనాలి టీచర్:
మంచి ప్రశ్న తమ్ముడూ, ఆ అబ్బాయి బాగా పట్టుకున్నాడు. చెరసాల అన్న మాట వల్లా, పేపర్లో "కిడ్నాపర్ల చెర నుంచి విముక్తి" అని రాయడం వల్లా ఇప్పుడు మనకి చెర అంటే తాళాలూ గొలుసులే గుర్తొస్తాయి. ఇక్కడి మాటకి అరామిక్‌లో "గాలూతా", దేశం నుంచి పెళ్లగించి తీసుకుపోయిన స్థితి. జైలు కాదు. స్వేచ్ఛా కాదు, తిరిగి వెళ్లే హక్కు లేదు.

బబులోనులో వీళ్లు ఎలా బతికారో మట్టి పలకల మీద కొంత దొరికింది. చెరపట్టి తెచ్చిన యూదా రాజు యెహోయాకీనుకీ అతని కొడుకులకీ బబులోను రాజు ఖజానా నుంచి నూనె కొలిచి ఇచ్చిన లెక్కలు బబులోను తవ్వకాల్లో బయటపడ్డాయి. "అల్ యాహూదు", అంటే యూదా ఊరు, అనే పల్లె పేరుతో ఉన్న పలకలు వేరే ఉన్నాయి, వాటిలో పాతది క్రీ.పూ. 572 నాటిది. పొలాలు, పన్నులు, అప్పులు, అన్నీ మామూలు సంసారపు లెక్కలు. యిర్మీయా ప్రవక్త వాళ్లకి రాసిన ఉత్తరంలో కూడా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అనే ఉంది. డెబ్బై ఏళ్లు పడుతుందని కూడా చెప్పాడు. తొమ్మిదో అధ్యాయంలో దానియేలు ఆ డెబ్బై ఏళ్ల లెక్క చదువుకుంటూ కనిపిస్తాడు.

అయితే చెర తాలూకు ముద్ర పోదు. ముగ్గురు ప్రధానుల్లో ఒకడు, నూట ఇరవై మంది అధిపతులు అతనికి లెక్క చెప్పాలి, అంత పదవిలో ఉన్న ముసలాయన మీద రాజు దగ్గర ఫిర్యాదు చేసేటప్పుడు ఏమన్నారో చూడు. ప్రధాని దానియేలు అనలేదు. చెరపట్టబడిన యూదుల్లో ఉన్న ఆ దానియేలు అన్నారు. అరవై ఏళ్లు ఆ దేశానికి ఊడిగం చేసినా నువ్వు ఎక్కడినుంచి వచ్చావో ఎత్తిచూపడానికి ఒక్క వాక్యం చాలు. బబులోనును ఏలిన బెల్షస్సరు కూడా అంతకుముందు అతన్ని పిలిపించుకుని, మా తండ్రి యూదా నుంచి చెరపట్టి తెచ్చిన దానియేలువి నువ్వేనా అంటాడు. అవసరం ఉండి పిలిచినప్పుడు కూడా.

కువైట్‌లో తెలుగువాడు:
ఆ ఒక్కటి మాత్రం మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదండీ. థాంక్స్.

వరంగల్ వకీలు:
టీచరమ్మా, నాదొక మాట. అదే అధ్యాయంలో నాలుగో వచనంలో దానియేలు "నమ్మకస్థుడు" అని వస్తుంది. శత్రువులు అతని ఉద్యోగంలో తప్పు వెతుకుతారు, ఒక్కటీ దొరకదు, ఎందుకంటే నమ్మకస్థుడు. దానికి అరామిక్ మాట "మెహైమన్" అని చదివాను. దాని ధాతువే ఆమేన్‌కి కూడా. మా కోర్టుల్లో జప్తుకి వచ్చే అమీనా, నిజాం రాజ్యంలో మా తాతలు భయపడ్డ పోలీసు అమీన్ సాబ్, బ్యాంకుల ముందు కాలం నుంచీ మనం అంటున్న అమానతు, ఎవణ్ణన్నా తిట్టడానికి వాడే బేమాన్, ఇవన్నీ అరబ్బీ గుండా వచ్చినా అదే సెమిటిక్ (హీబ్రూ, అరామిక్, అరబ్బీల భాషా కుటుంబం) ధాతువు కదా? అలా చూస్తే దానియేలుకీ అమీనాకీ చుట్టరికం ఉన్నట్టే.

తెనాలి టీచర్:
ఉన్నట్టే ఏంటండీ, ఉంది. అమీన్ అంటే అరబ్బీలో నమ్మదగినవాడు. ఇంటి సామాను బయట పెట్టించే మనిషికి ఆ పేరు రావడం మన అదృష్టం.

మీరు ఎత్తిన వచనం అసలు కథకి తాళంచెవి. ఉద్యోగంలో నమ్మకంగా ఉన్నాడు కాబట్టి తప్పు దొరకలేదు. తప్పు దొరకలేదు కాబట్టి, అతని దేవుని ధర్మం విషయంలో తప్ప వేరే ఎక్కడా పట్టుకోలేం అనుకున్నారు. ఇక్కడ వాళ్ల పన్నాగం చూడండి, దానియేలు అలవాటు మీద పూర్తి నమ్మకం పెట్టుకుని కట్టిన పన్నాగం అది. వాడు ముప్పై రోజులు ఆగుతాడులే, మూసిన గదిలో మనసులో అనుకుంటాడులే అని ఒక్కడికి సందేహం వచ్చినా ఆ శాసనం దండగ. గుంపుగా వెళ్లారు, ఎప్పుడు వెళ్తే ఎక్కడ ఉంటాడో తెలిసినట్టే వెళ్లారు, అక్కడే ఉన్నాడు. అతని భక్తికి ఇంతకంటే గట్టి యోగ్యతాపత్రం ఆ అధ్యాయంలో లేదు, ఇచ్చింది శత్రువులు.

రాజు పనిలోనూ ఇదే మనిషి అని మర్చిపోకూడదు. ఎనిమిదో అధ్యాయం చివర దర్శనం చూసి జబ్బుపడి కొన్నాళ్లు మంచం పట్టి, లేచాక ఏం చేశాడంటే మళ్లీ రాజు పనికి వెళ్లాడు. నాకు ఆ చిన్న వచనం సింహాల కథకంటే ఎక్కువ ఇష్టం.

పాత లిపి:
వకీలుగారికి ఒక సూచన, మూలం చూస్తే తికమకపడకండి. తెలుగులో 6:10 అన్నది అరామిక్ ప్రతుల్లో 6:11 అవుతుంది, నమ్మకస్థుడు 6:5లో దొరుకుతాడు. మన ఐదో అధ్యాయం చివరి వచనాన్ని వాళ్లు ఆరో అధ్యాయం మొదట్లో లెక్కపెడతారు.

మంగళగిరి కుర్రాడు:
సరే టీచర్ గారూ, "మరీ" తీసేస్తున్నాను. ఇలా మార్చాను, చూడండి: "శాసనం సంగతి దానియేలుకి తెలుసు. తెలిసినా ఇంటికి వెళ్లాడు. పైగదిలో యెరూషలేము వైపు కిటికీలు ఎప్పట్లాగే తెరిచి ఉన్నాయి. ఎప్పట్లాగే రోజుకి మూడుసార్లు మోకాళ్లూని ప్రార్థన చేస్తూ వచ్చాడు." రెండుసార్లు ఎప్పట్లాగే పడింది, ఒకటి తీసేయనా?

తెనాలి టీచర్:
తీయొద్దు. వినేవాళ్లకి రెండుసార్లు పడాలి. "తెలిసినా ఇంటికి వెళ్లాడు" దగ్గర మాత్రం చదివే అమ్మాయిని కాస్త ఆగమను.

మంగళగిరి కుర్రాడు:
ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. మా తమ్ముడు సింహాల గుహ సెట్ వేస్తున్నాడు, అట్టలతో కొండగుహలా, ముందు నుంచి నోరు. మా పెద్దమ్మ దానికీ పేచీ పెట్టింది. గుహలోంచి దానియేలుని "పైకి" తీశారని ఉంది కదరా, పక్కనుంచి నడిచొస్తే ఎలా అంటోంది.

తెనాలి టీచర్:
మీ పెద్దమ్మగారిని ఈ గుంపులో చేర్చండి ముందు. అరామిక్‌లో "గోబ్", గొయ్యి, నుయ్యి లాంటిది. గుహ అనేసరికి మనకి కొండ గుర్తొస్తుంది గానీ, పడవేయడం, నోటికి రాయి మూసి ముద్ర వేయడం, పైకి తీయడం, అన్నీ పైనుంచి తెరిచిన గోతికే సరిపోతాయి. తెలుగులో "గుహ" అని రాసినా ఆ "పైకి" మాత్రం పోనివ్వలేదు. స్టేజీ మీద గొయ్యి తవ్వలేరు కాబట్టి ఒక ఎత్తు బల్ల పెట్టి, రాజు దానిమీద నిలబడి కిందికి వంగి పిలిచేలా చేయండి, దానియేలుని చేతులు పట్టి పైకి లాగండి. తెల్లగడ్డం అబ్బాయి మరీ బరువైతే ఇద్దరు లాగాలి.